పదిహేనో వరుస

అక్క వీపు కదలడం లేదు. కదలడం లేదంటే తెర సరిగ్గానే నడుస్తోందన్నమాట. అక్కకి ఏదైనా నచ్చకపోతే ఆ సంగతి ముందు తెలిసేది వీపుకే. చిన్నప్పుడు నేను తన దువ్వెన వాడేశానని తెలిసినా మొహం మామూలుగానే ఉండేది, భుజాలు మాత్రం చెవుల దాకా లేచేవి. ఈ నడవలో, ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే నాకు దక్కేది అదే: అద్దం అవతల అక్క వీపు, జడ, కీబోర్డు మీద ఆడుతున్న మోచేతులు, చెవికి తగిలించుకున్న ఫోను తీగ. తెర కనపడదు. రెండేళ్ళు కూర్చుని కట్టిన తెర, ఏ గడిలో ఏ అక్షరం ఎప్పుడు పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన తెర, అక్క వీపు అవతల దాక్కుని ఉంది. ఉండనీ. పిల్లని బడిలో దింపి గేటు బయట నిలబడ్డ తల్లికి మాత్రం లోపల ఏం కనపడుతుంది? నాకైతే భయమేం లేదు. ఇవాళ పొద్దున తల దువ్వుకుంటూ అద్దంలో చూసుకుని, నువ్వు కట్టిన దాంట్లో వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు అని పైకే అన్నాను, పక్క గదిలోంచి మా ఆయన విని దగ్గాడు కూడా.

గంటసేపు. అంతే అడిగారు. ఇది లిఫ్టుల కంపెనీ వాళ్ళ ఫోన్ల గది. ఊళ్ళో ఎక్కడ లిఫ్టు ఆగిపోయి మనిషి ఇరుక్కుపోయినా, లోపల ఎర్ర బటన్ నొక్కితే ఇక్కడ తెర మీద ఒక వరుస పడుతుంది: పేట నెంబరు, భవనం, అంతస్తు, నొక్కిన టైము. అక్క ఆ వరుస చూసి లిఫ్టులోకి ఫోన్ చేసి మాట్లాడుతుంది, అవతలి బల్ల దగ్గరున్న ఇద్దరికీ చెప్పి దగ్గర్లోని మెకానిక్‌ని పంపిస్తుంది, మనిషి బయటపడ్డాక వరుస చెరిపేస్తుంది. ఇన్నాళ్ళూ ఈ పని ఎవరు రాశారో ఎవరికీ గుర్తులేని పాత ప్రోగ్రాం మీద జరిగింది. దాన్ని తీసేసి, బయటి కంపెనీ అమ్మే రంగుల తెర, మౌస్‌తో నొక్కి నొక్కి నడిపేది, కొందామనుకున్నారు. అక్క ఒప్పుకోలేదు. వేళ్ళతో చేసే పనికి మౌస్ తెచ్చి పెడితే నేను ఉద్యోగం మానేస్తానంది, ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే, మా చెల్లెలు చేసి పెడుతుంది అని కూడా అనేసింది. అక్క నా గురించి బయట ఒక మంచి మాట అనడం నాకు తెలిసి అదే మొదలు. అది కూడా నాతో కాదు, సూపర్వైజర్‌తో.

ఆ సూపర్వైజర్‌ని గదిలో అందరూ గడియారం గారు అంటారు. మాట మాట్లాడే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి చేతి గడియారం చూసుకుంటాడు. మంచివాడే, కాకపోతే రూలు అంటే ప్రాణం. "రద్దీ టైములో గంటసేపు నడిపి చూద్దాం మేడమ్. మీరు బయట కూర్చోవాలి. గంటలోపు మీరు గదిలో అడుగుపెట్టారంటే ఫెయిలైనట్టే. తర్వాత కంపెనీ కొనేది కొనుక్కుంటుంది. రోజూ మీరొచ్చి పక్కన నిలబడరు కదా, అందుకని" అన్నాడు. న్యాయంగానే అనిపించింది. సరేనన్నాను. పాత తెర మూల బల్ల మీద దానిమానాన అది నడుస్తూ ఉంటుందిట, అవసరమైతే దాని దగ్గరికి పోవచ్చని. అది కూడా నాకు కనపడుతోంది, మూలన, సగం మొహం, పచ్చ అక్షరాలు. ముసలిదానా, నీ పని అయిపోయింది, ఇంక హాయిగా కళ్ళు మూసుకో అనుకున్నాను.

మా ఆయనకి నా పని ఇప్పటికీ అర్థం కాదు, అర్థం కానట్టు నటిస్తాడో ఏమో. "లోకమంతా రంగులు, బొమ్మలు అంటుంటే నువ్వు ఈ నల్ల కిటికీ పట్టుకుని వేళ్ళాడతావేంటి" అంటాడు. నల్ల కిటికీ అంటే టెర్మినల్. అడ్డంగా నిలువుగా గళ్ళు, గడికో అక్షరం, అంతే, గళ్ళ కాగితం. ఆ గళ్ళలోనే పెట్టెలు గీయాలి, జాబితాలు కదలాలి, వేలు పడీ పడగానే జవాబు రావాలి. నేను కట్టింది ఒక్క తెర కాదు, ఎవరికి కావలసిన తెర వాళ్ళు కట్టుకునే చట్రం. ఫ్రేమ్‌వర్క్ అంటే అదే. ఒక్క అక్షరం మారితే మొత్తం చెరిపి మళ్ళీ రాసే చట్రాలున్నాయి, వాటితో తెర మినుకు మినుకుమంటుంది, చూసేవాళ్ళకి తలనొప్పి. నాది అలా చేయదు. ఇందాకటి కాగితాన్నీ ఇప్పటి కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని గడి గడీ పోల్చి, మారిన గళ్ళనే రాస్తుంది. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవక ముందే ఇంట్లో చూశాను. కాస్త పాలు ఒలికితే అమ్మ ఇల్లంతా కడిగేది, మేమందరం మంచాలెక్కి కూర్చోవాలి. అదే అక్కయితే ఒలికిన చోట తడిగుడ్డ వేసి తుడిచేసి, వచ్చి మళ్ళీ పుస్తకం తీసేది. నా చట్రానిది అక్క పద్ధతి. ఈ మాట అక్కతో ఎప్పుడూ అనలేదు. అంటే భుజాలు లేస్తాయి.

తలెత్తి చూస్తే నడవలో ట్యూబులైటు ఒక్కసారి ఆరి వెలిగింది. లోపల గదిలో కూడా. బ్యాటరీలున్నాయి, కంప్యూటర్లకేం కాదు. అక్క వీపు అలాగే ఉంది.

చిన్నప్పుడు ఒకే గది మా ఇద్దరికీ. నాకు ఆరేళ్ళప్పుడో ఏడేళ్ళప్పుడో అక్క సుద్దముక్కతో గది మధ్యలో గీత గీసింది. కొలిచి మరీ గీసింది. "నా మంచం, నా బల్ల, కిటికీ. ఇంత నాకు కావాలి. మిగిలింది నీది." మిగిలింది ఎంత అని అడిగితే, మిగిలినంత అంది. పెద్దయ్యాక, తెరని భాగాలు చేసే పద్ధతి రాస్తున్నప్పుడు సరిగ్గా అదే రాశాను: కొన్ని భాగాలకి ఇంత అని కొలత ఉంటుంది, అది వాటికి ఇచ్చేయాలి, మిగిలింది ఇంకోదానిది. అక్క గీసిన సుద్దగీత ఇప్పుడు నా చట్రంలో ఒక ఆజ్ఞ అయి కూర్చుంది. ఈ గది తెరకి కూడా అలాగే చేశాను. పైన గడియారానికి ఇంత, కింద వివరాలు రాసుకునే పెట్టెకి ఇంత, మిగిలింది మధ్యలో ఇరుక్కున్నవాళ్ళ జాబితాకి. మిగిలింది లెక్కపెడితే పద్నాలుగు వరుసలు వచ్చాయి. గంతులేశాను. ఎందుకంటే నేను మొదటిరోజే అక్కని అడిగాను, ఒకేసారి ఎంతమంది దాకా ఇరుక్కుంటారు అని. "పద్నాలుగు. ఎంత గాలివానొచ్చినా, ఎంత కరెంటు పోయినా పద్నాలుగుకి మించి నేనెప్పుడూ చూడలేదు" అంది. అక్క ఉన్నదానికి ఒకటి కలిపి చెప్పే మనిషి కాదు, ఒకటి తీసి చెప్పే మనిషీ కాదు. పద్నాలుగంటే పద్నాలుగే. అయినా జాబితా పైన ఎంతమంది ఉన్నారో సంఖ్య కూడా వేయనా అంటే, "కళ్ళున్నాయిగా నాకు" అంది. వరుసలు పేట నెంబరు ప్రకారమే పడాలంది, పాతదాంట్లో అలాగే పడేవి, తన చూపుకి అలవాటు. అలాగే వేశాను. పద్నాలుగు వరుసలూ నింపి ఇంట్లో ఎన్నిసార్లు నడిపి చూశానో, ఒక్క గడి చెదరలేదు.

కళ్ళున్నాయిగా అని అక్క అన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. ఆ కళ్ళ సంగతి నాకు తెలుసు. ఈ గదిలో పనిలో ఉన్నంతసేపూ అక్క మంచినీళ్ళు తాగదు. తాగాలంటే తల ఎత్తాలి, తల ఎత్తితే తెర వదలాలి. పక్కన సీసా పెట్టుకుంటుంది, ఇంటికి నిండుగా తీసుకెళ్తుంది. బావ గొడవపెట్టి పెట్టి ఊరుకున్నాడు. ఇప్పుడు ఇక్కడి నుంచి కూడా కనపడుతోంది ఆ సీసా, అంచుల దాకా నీళ్ళతో, బల్ల మూలన. ఇదంతా పెద్దాయన లిఫ్టులో ఉండిపోయిన రోజు నుంచీ.

టింగ్‌మంది.

నడవ చివర లిఫ్టు ఉంది. ఎవరో పైకి వస్తున్నారు కాబోలు. లిఫ్టుల కంపెనీ ఆఫీసులో లిఫ్టు మాత్రం ఎప్పుడూ ముక్కుతూ మూలుగుతూ వస్తుందని అక్క ఎగతాళి చేస్తుంది. ఎవరూ దిగలేదు. తలుపు కూడా తెరుచుకోలేదు. సరే, ఆ ట్యూబులైటు ఆరినప్పుడు ఇది కూడా ఎక్కడో ఆగిపోయి ఉంటుంది.

పెద్దాయన. పేరు అక్క ఎప్పుడూ చెప్పలేదు, పెద్దాయన అనే అంటుంది. అప్పుడు ఊరంతా గాలివాన, కరెంటు వస్తూ పోతూ ఉంది, లిఫ్టులు ఎక్కడివక్కడ ఆగిపోతున్నాయి, అక్క ఊపిరి తీసుకోకుండా ఒకరి తర్వాత ఒకరితో మాట్లాడుతూనే ఉందిట. సాయంత్రానికి వాన తగ్గి, వరుసలు పల్చబడ్డాక చూస్తే చివరి పేట నుంచి ఒక వరుస. పక్కన నొక్కిన టైము చూస్తే మధ్యాహ్నం భోజనాల వేళది. అక్క లిఫ్టులోకి ఫోన్ చేసింది. ఆయన అరవలేదు, తిట్టలేదు. "పర్లేదమ్మా, పనిలో పడి మర్చిపోయి ఉంటారు" అన్నాడుట. తిట్టి ఉంటే అక్క బాగుపడేది. కంపెనీ కూడా ఏమీ అనలేదు, ఆ వానలో ఎవరిమీద తప్పు వేస్తారు అన్నారు. ఎవరూ ఏమీ అనకపోయేసరికి అనాల్సిన మాటలన్నీ తనే అనుకుంది. మేమెన్ని రకాలుగా అడిగినా జవాబు ఒక్కటే. "నేను చూడలేదు. అంతే. కళ్ళెదురుగా ఉంటే చూడలేదు." సూపర్వైజర్ పదవి ఇస్తామంటే వద్దంది, అలా గడియారం గారికి వచ్చింది. అప్పట్నుంచి ఇంట్లో కూడా గ్యాసు కట్టేసి, గది దాటి, మళ్ళీ వెనక్కి వచ్చి చూస్తుంది. తాళం వేసి వీధి చివరి దాకా వెళ్ళి తిరిగొస్తుంది. ఒకసారి నా ఎదురుగానే, కట్టేసి ఉన్న పొయ్యి మీద అరచెయ్యి పెట్టి చూసుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఊరుకోదని బయటికి వచ్చి చెప్పులు వెతుక్కున్నట్టు నటించాను. నేను ఈ తెర కట్టింది రంగుల తెర మీద కోపంతో కాదు, టెర్మినల్ మీద మోజుతో కూడా కాదు, ఆ పొయ్యి మీది చెయ్యి చూశాకనే. చూడగానే కంటికి ఆనే తెర అక్కకి కట్టివ్వాలి, అంతే అనుకున్నాను. కొత్త వరుస పడితే కాసేపు తిరగేసిన రంగులో, తెల్ల పట్టీ మీద నల్ల అక్షరాలుగా వెలుగుతుంది. ఎక్కువసేపు ఎదురుచూస్తున్నవాళ్ళ వరుస లావు అక్షరాల్లోకి మారుతుంది. చూడకుండా ఉండటం ఎవరివల్లా కాదు.

టింగ్.

ఈసారి లిఫ్టు వైపు చూడలేదు. చీటీలు అందించడానికి అద్దం కింద చిన్న కంత ఉంది, చప్పుడు అందులోంచి వచ్చింది. ఆ చప్పుడు నాకు తెలుసు. నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

తెర కట్టేవాళ్ళకి ఒక కష్టం ఉంది. మామూలు ప్రోగ్రాం రాసేవాడు ఎక్కడైనా అనుమానం వస్తే, ఇక్కడిదాకా వచ్చాను అని ఒక ముక్క తెర మీద రాయించుకుంటాడు. మాకు ఆ వీలు లేదు, తెరే మేము గీసిన బొమ్మ, అందులో ఒక్క అక్షరం అదనంగా పడినా బొమ్మంతా పాడైపోతుంది. బుద్ధిమంతులు అలాంటి ముక్కలు ఇంకో ఫైల్లో రాయించుకుంటారు. నేను బద్ధకస్తురాలిని, గంట మోగిస్తాను. టెర్మినల్‌కి చిన్న గంట ఉంటుంది, అది మోగితే తెర మీద ఏమీ పడదు, చెవికి మాత్రం తెలుస్తుంది. పని అయ్యాక ఆ గంటలన్నీ తీసేస్తాను. తీసేశాను. ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఎందుకు తీయలేదంటే అది మోగే అవకాశమే లేని చోట పెట్టాను కనుక: జాబితాలో చోటు చాలక ఒక వరుస కింద దాగిపోతే మోగాలి. పద్నాలుగు వరుసలకి చోటుంది. పద్నాలుగుకి మించి రావు. మోగనే మోగదు కదా అని మర్చిపోయాను.

మోగింది. రెండుసార్లు. ముందు ఏమనుకున్నానంటే, సిగ్గుచేటు, లెక్క తప్పింది, ఎక్కడో ఒకటి కలపబోయి తీసేశాను, పదమూడే చూపిస్తోందేమో అనుకున్నాను. వేళ్ళ మీద మళ్ళీ లెక్కేశాను, పైన ఇంత, కింద ఇంత, మిగిలింది. పద్నాలుగే. నా లెక్క తప్పదు, తప్పలేదు. మరి అక్క తప్పు చెప్పిందా? అక్క తప్పు చెప్పదు. పద్నాలుగుకి మించి నేనెప్పుడూ చూడలేదు అంది. చూడలేదు అంది. అద్దంలోంచి మూల బల్ల వైపు చూశాను. సగం మొహం, పచ్చ అక్షరాలు. వెలుగుతున్న వరుసల ఎడమ అంచులు మాత్రం ఇక్కడికి ఆనుతున్నాయి. లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. పైన ఇంత, కింద ఇంత, మిగిలింది పద్నాలుగు. ఆ ముసలి ప్రోగ్రాం రాసినవాడు ఎవడో గానీ వాడు కూడా నాలాగే గీత గీశాడు, వాడికి కూడా మిగిలింది పద్నాలుగే. అందులో పదిహేనో మనిషి ఇరుక్కుంటే ఎక్కడుంటాడు? కింద. కనపడకుండా. పేట నెంబరు ప్రకారం కదా, ముందు పేటల వాళ్ళు వస్తున్న కొద్దీ చివరి పేట వాడు కిందికి, ఇంకా కిందికి, వాన తగ్గేదాకా. చివరి పేట. పెద్దాయనది చివరి పేట. అక్క ఆ రోజు పద్నాలుగు వరుసలూ కళ్ళలో వత్తులు వేసుకుని చూసింది, పెద్దాయన ఆ పద్నాలుగులో లేనే లేడు. ఇన్నేళ్ళూ ఈ మనిషి నీళ్ళు తాగకుండా, పొయ్యి మీద చెయ్యి పెట్టి, నేను చూడలేదు నేను చూడలేదు అనుకుంటూ.

నాకు కాళ్ళలోంచి వేడి పైకి పాకింది. అది కోపమో సంతోషమో నాకే తెలియలేదు. లేచి నిలబడ్డాను, కుర్చీ వెనక్కి పడింది. పడ్డాక గుర్తొచ్చింది, ఆయన పెట్టిన గంటసేపు ఇంకా అవలేదు. గడియారం గారు అద్దంలోంచి నావైపే చూస్తున్నాడు, మణికట్టు పైకెత్తి మరీ. ఇంకెంత, కాస్త ఓపికపడితే అయిపోతుంది, గంట పూర్తవుతుంది, తెర గెలుస్తుంది, అక్క ఉద్యోగం నిలబడుతుంది, రాత్రికి ఇంటికెళ్ళి ఆ వరుసల సంగతి చూసుకోవచ్చు. ఇప్పుడు కింద దాగి ఉన్నది కూడా కాసేపట్లో ఎలాగూ పైకొస్తుంది. వస్తుందా? వాళ్ళెవరో ఎర్ర బటన్ నొక్కి, ఎవరైనా మాట్లాడతారని ఎదురుచూస్తూ ఉంటారు. అక్క వీపు నిటారుగా ఉంది, తల కొంచెం వంగింది, ఆ టింగు ఎక్కడ మోగిందా అని ఎవరి ఫోను వైపో చూసి మళ్ళీ తెరలో పడింది. నాకు తెలుసు, అక్కకి తెలియదు. తెలిసినదాన్ని బయట కూర్చుని ఉంటే అప్పుడు నిజంగానే ఒకళ్ళు చూడనట్టవుతుంది. తలుపు తోశాను.

"మేడమ్, లోపలికొస్తే..."

"తెలుసండీ. ఫెయిలే. అక్కా, డౌన్ యారో నొక్కు."

అక్క నావైపు తిరగలేదు. ఎందుకని అడగలేదు. నొక్కింది. జాబితా ఒక గడి పైకి జరిగి, కింద లావు అక్షరాల్లో ఒక వరుస వచ్చి నిలబడింది, పదిహేనోది. చివరి పేట, ఏడో అంతస్తు. మళ్ళీ నొక్కింది, దాని కింద ఇంకొకటి. ఆ ఒక్క క్షణంలోనే అక్క భుజాలు లేవడం చూశాను, అంతలోనే దిగడం కూడా చూశాను, వేళ్ళు అప్పటికే నెంబరు కలిపేశాయి. "అమ్మా, వినపడుతోందా? లిఫ్టు ఆఫీసు నుంచండీ. కంగారుపడకండి, మనిషి బయల్దేరాడు. ఆయన వచ్చేదాకా నేను లైన్లోనే ఉంటాను. మీతో ఇంకెవరైనా ఉన్నారా?" అక్క పనిలో ఉండగా దగ్గరుండి చూడటం నాకిదే మొదలు. ఇంట్లో ఎవరితోనూ ఇంత మెత్తగా మాట్లాడదు. నేను పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డాను. నా తెర నా ఎదురుగా ఉంది, ఒక్క గడి కూడా చెదరకుండా, అక్క మాట్లాడుతుంటే రంగులు మారుతూ, వరుసలు చెరుగుతూ. అందంగా ఉంది. ఓడిపోయిన తెర ఇంత అందంగా ఉండకూడదు.

వరుసలు పల్చబడ్డాయి. పన్నెండు, పది. అప్పుడు అక్క చెవి నుంచి ఫోను తీయకుండానే అడిగింది.

"ఆ టింగు ఏంటి?"

"వరుస పట్టక కిందికి పోతే మోగుతుంది. తీసెయ్యడం మర్చిపోయాను."

అక్క మూల బల్ల వైపు చూసింది. నేను తలుపు తోసి వచ్చినప్పుడు అక్కడ పద్నాలుగు వరుసలున్నాయి, పదిహేనోది లేదు, పదహారోది లేదు, చడీచప్పుడూ లేదు. అది అక్క కూడా అప్పుడే ఓరకంట చూసినట్టుంది. ఇప్పుడు చాలాసేపు చూసింది.

"ఇందాక అక్కడ లేదు" అంది.

"లేదు."

"అవతలి లైన్లో ఆమె ఊపిరి నాకు వినపడుతోంది. వరుసలు పల్చబడేదాకా అక్కడ మాత్రం లేదు. అంటే ఆ రోజు..."

"నువ్వు చూడకపోవడం కాదక్కా. అది చూపించలేదు. పెద్దాయన పద్నాలుగు దాటి ఉంటాడు."

అక్క వేళ్ళు ఇంకో వరుస చెరిపాయి. బావకి చెప్పాలి, అమ్మకి చెప్పాలి, అని నేను లోపల గంతులేస్తుంటే, గడియారం గారు వచ్చి నిలబడి తన చేతికేసి చూసుకున్నాడు. మూలనున్న పాత తెరకేసి కూడా చూశాడు, అది ఆయనకి కష్టంగానే ఉన్నట్టుంది. "రూలు రూలే మేడమ్. ఇవాళ్టిది పోయినట్టే" అన్నాడు, మెల్లగా.

"పోనివ్వండి. రేపు మళ్ళీ పెట్టండి" అంది అక్క, ఆయన వైపు తిరక్కుండానే. "మా చెల్లెలు బయటే కూర్చుంటుంది. ఆ టింగు మాత్రం ఉండాలి. అది లేకపోతే నేను కూర్చోను."

ఆయన మణికట్టు చూసుకున్నాడు. "రేపు ఇదే టైముకి" అన్నాడు.

ఎంతమంది ఎదురుచూస్తున్నారో ఆ సంఖ్య కూడా పైన వేస్తాను, రాత్రికే వేస్తాను, ఈసారి కళ్ళున్నాయిగా అంటే ఒప్పుకోను, జాబితాకి మిగిలింది ఇవ్వడం కూడా మానేస్తాను, ముందు జాబితాకి, మిగిలింది పెట్టెకి, అని చెబుదామని నోరు తెరిచాను. అక్క చెయ్యి చాపింది. ఏం కావాలో అర్థం కాలేదు. బల్ల మూలన ఉన్న సీసా చూపించింది. మూత తీసి అందించాను. అక్క వెనక్కి వాలి, తల ఎత్తి, కళ్ళు మూసుకుని తాగింది. ఒక గుక్క కాదు, సగం సీసా. గొంతు కదలడం చూస్తూ నిలబడ్డాను, నా కళ్ళు మసకబారుతున్నా పట్టించుకోకుండా. ట్యూబులైటు మళ్ళీ ఆరి వెలిగింది, తెర మీద వరుసలు ఒకదాని వెనక ఒకటి పడి జాబితా అడుగు దాకా నిండిపోయింది.

టింగ్.

అక్క కళ్ళు తెరవలేదు. నోట్లో ఉన్న గుక్క మింగింది, ఇంకో గుక్క తాగింది, చేతి వెనక వైపుతో పెదాలు తుడుచుకుంది.

"మోగిందిలే, చూస్తున్నా" అంది, సీసా నా చేతిలో పెట్టి తెర వైపు తిరుగుతూ.